విండోలు సర్దుకునే పని మనకెందుకు?

(విశాఖపట్నంలో లినక్స్ నేర్చుకుంటున్న విద్యార్థులు, ఉద్యోగులు కలిసిన ఒక ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. చేసి చూపించిన చోట తెర మీద ఏం జరిగిందో తెలిసేలా మాటలు కాస్త సర్దాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి తెర కనిపిస్తోందా? కనిపిస్తోంది కానీ దాని మీద ఏమీ లేదంటారా? నిజమే, ఏమీ లేదు. నల్లటి తెర. అడుగున సన్నటి పట్టీ. పట్టీకి ఎడమ చివర 2 అనే అంకె, కుడి చివర వైఫై, బ్యాటరీ, డిస్కు, టైము. ఐకాన్లు లేవు, మెనూ లేదు. దీని పేరు ఐ3, లినక్స్‌లో విండోల్ని తెర మీద అమర్చే ప్రోగ్రాము, అంటే విండో మేనేజర్. మొదటిసారి లాగిన్ అయి ఈ నల్ల తెర చూసి, "ఏటిది, పాడైపోయిందా?" అని పవర్ బటన్ నొక్కేసేవాళ్లు చాలామంది. ఇవాళ ఆ టెన్షన్ ఒక్కటి పోగొడితే నా పని అయినట్టే. ఓ పదీ పదిహేను కీలు చూపిస్తాను. మిగతాది మీ వేళ్లే నేర్చుకుంటాయి.

ముందు ఒక సంగతి. విండో మేనేజర్ అనేది మీరు కొత్తగా తెచ్చిపెట్టుకునేది కాదు, ఇప్పటికే ఒకటి వాడుతున్నారు. లినక్స్ డెస్క్‌టాప్‌లలో గ్నోమ్ అయితే దాని పేరు మట్టర్, కేడీఈలో కేవిన్, ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం. విండోకి పైన టైటిల్ పట్టీ తగిలించేది, మూలన మూసే గుర్తు పెట్టేది, ఏది ముందు ఏది వెనక అని తేల్చేది అదే. అది లేకపోతే ఎలా ఉంటుందో చూడండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి వేరే కన్సోల్‌కి వెళ్తున్నాను. అక్కడ ఉత్త ఎక్స్ సర్వర్‌ని, అంటే తెర మీద గీసే ప్రోగ్రాముని, మొదలుపెట్టి, దాని మీద ఎక్స్‌టర్మ్ అనే ఒక్క టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) మాత్రం తెరుస్తున్నాను. చూశారా? ఎడమ పక్క పై మూలకి అతుక్కుని కూర్చుంది. అంచు లేదు, టైటిల్ లేదు. మౌసుతో లాగుదామంటే పట్టుకోవడానికి ఏమీ లేదు. కానీ లోపల టైప్ చేస్తే అక్షరాలు పడుతున్నాయి. అంటే ప్రోగ్రాము బాగానే ఉంది, దాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పే పెద్దమనిషే లేడు.

ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎంఐటీలో పుట్టింది. ఎక్స్11 వచ్చింది 1987లో. ఆ ఎక్స్11 ఇప్పటికీ నడుస్తోంది, ఇవాళ ఈ తెర నడుస్తున్నది కూడా దాని మీదే. తెర మీద గీయడం, కీబోర్డు, మౌసు నుంచి వచ్చినవి ప్రోగ్రాములకి అందించడం సర్వర్ పని. విండోలు ఎలా అమరాలి అన్న తీర్పు మాత్రం బయటి ప్రోగ్రాముకి వదిలేశారు. అలా వదిలేశారు కాబట్టే ఇన్నేళ్లలో ఇన్ని విండో మేనేజర్లు వచ్చాయి. 1993లో ఎఫ్‌వీడబ్ల్యూఎం వచ్చింది. 2006లో డీడబ్ల్యూఎం వచ్చింది. రెండు వేల వరసల కోడ్ దాటనివ్వం అని దాని రచయితలు పట్టుదలగా చెప్పుకున్నారు. దాంట్లో సెట్టింగ్ మార్చాలంటే సీ భాషలో హెడర్ ఫైల్ మార్చి మళ్లీ కంపైల్ చేయాలి, అంటే ప్రోగ్రాముని మళ్లీ తయారు చేసుకోవాలి. ఎక్స్‌మొనాడ్ అనే ఇంకో విండో మేనేజర్‌కి హాస్కెల్ భాష రావాలి, ఆసమ్ అనేదానికి లువా భాష రావాలి. 2009లో మైకేల్ స్టాపెల్‌బర్గ్ మొదలుపెట్టిన ఐ3కి ఇవేవీ అక్కర్లేదు. మామూలు టెక్స్ట్ ఫైల్, ఒక్కో వరసలో ఒక్కో మాట. లైసెన్స్ బీఎస్‌డీ, అంటే కోడ్ తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. వీటన్నిటికన్నా నాకు నచ్చింది దాని యూజర్ గైడ్. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో అంత శుభ్రంగా రాసిన గైడ్లు తక్కువ. మొదలుపెట్టేవాళ్లకి ఐ3 అని నేను చెప్పేది అందుకే. మిగతావి చెడ్డవని కాదు.

ఇన్‌స్టాల్ చేయడం చిన్న పని. ఉబుంటులో, డెబియన్‌లో టెర్మినల్ తెరిచి సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ ఐ3 అని కొట్టండి. ఫెడోరాలో ఆప్ట్ బదులు డీఎన్‌ఎఫ్. మీ పాత డెస్క్‌టాప్ ఎక్కడికీ పోదు, పక్కనే ఉంటుంది. లాగౌట్ అయి, పాస్‌వర్డ్ కొట్టే చోట చిన్న గేర్ గుర్తు నొక్కితే ఐ3 అని కనిపిస్తుంది. నచ్చకపోతే మళ్లీ అక్కడే పాతది ఎంచుకోండి, అంతే.

మొదటిసారి లోపలికి రాగానే రెండు ప్రశ్నలు అడుగుతుంది. కాన్ఫిగ్ ఫైల్, అంటే సెట్టింగులు రాసుకునే ఫైల్, తయారు చేయమంటావా అని ఒకటి. చేయమనండి. మోడ్ కీగా, అంటే ఐ3కి ఏ పని చెప్పాలన్నా ముందు నొక్కి పట్టే కీగా, విండోస్ గుర్తున్న కీ కావాలా, ఆల్ట్ కావాలా అని రెండోది. విండోస్ కీనే ఎంచుకోండి. ఆల్ట్‌ని ఇప్పటికే టెర్మినల్, బ్రౌజర్, ఎడిటర్ తలా ఒక పనికి వాడుకుంటున్నాయి, వాటితో తగువు మనకెందుకు? ఇక్కడి నుంచి నేను విన్ అంటే ఆ కీ అనుకోండి.

ఇప్పుడు చూడండి. విన్, ఎంటర్. టెర్మినల్ వచ్చింది, తెర నిండా. ఇంకోసారి విన్, ఎంటర్. రెండోది వచ్చింది, తెర చెరి సగం అయింది. నేను ఏమీ లాగలేదు, ఏమీ సర్దలేదు. ఇంకోటి తెరిస్తే మూడు భాగాలు. పెళ్లి భోజనాల బంతిలో ఇంకొకరు వచ్చి కూర్చుంటే అందరూ తలా కాస్త జరుగుతారు చూడండి, అదే ఇది. ఒకరు లేచి వెళ్లిపోతే? విన్, షిఫ్ట్, క్యూ. ఉన్నవాళ్లు మళ్లీ సర్దుకున్నారు. దీన్నే టైలింగ్ అంటారు. ఒక విండో కింద ఇంకోటి దాక్కుని, దాన్ని వెతుక్కునే బాధ ఉండదు.

పక్కన కాకుండా కింద రావాలంటే ముందు విన్, వి నొక్కి అప్పుడు ఎంటర్. మళ్లీ పక్కకి కావాలంటే విన్, హెచ్. ఒక విండో నుంచి ఇంకోదానికి వెళ్లడానికి విన్‌తో బాణం కీలు. షిఫ్ట్ కూడా కలిపితే విండోయే ఆ వైపు జరుగుతుంది. బాణాల బదులు జె, కె, ఎల్, సెమీకోలన్ కూడా ఉన్నాయి. విమ్ అనే ఎడిటర్ అలవాటున్నవాళ్లకి ఇక్కడ ఒళ్లు మండుతుంది, వాళ్ల వేళ్లు హెచ్ నుంచి మొదలవుతాయి కదా. హెచ్‌ని ఐ3 విండో విడగొట్టడానికి వాడేసుకుంది. కావాలంటే మార్చుకోవచ్చు, మొదటి వారం మాత్రం బాణాలతో గడిపేయండి.

ప్రోగ్రాములు తెరవడానికి విన్, డి. పైన సన్నటి పట్టీ వచ్చింది చూశారా, దాని పేరు డీమెనూ. ఎఫ్, ఐ, ఆర్ కొట్టేసరికి ఫైర్‌ఫాక్స్ ముందుకొచ్చింది. ఎంటర్. ఇప్పుడు బ్రౌజర్‌కి చోటు చాలలేదు. విన్, ఎఫ్ నొక్కితే తెరంతా దానిదే, మళ్లీ నొక్కితే మామూలే. పదమూడు, పద్నాలుగు అంగుళాల లాప్‌టాప్‌లో నాలుగు విండోలు పక్కపక్కన పెడితే దేంట్లోనూ ఏమీ కనపడదు. అలాంటప్పుడు విన్, డబ్ల్యూ. అన్నీ బ్రౌజర్ ట్యాబుల్లా ఒకదాని మీద ఒకటి వచ్చాయి, పైన పేర్లు ఉన్నాయి. తిరిగి విడదీయడానికి విన్, ఇ.

ఇక వర్క్‌స్పేస్‌లు. నా మట్టుకు ఐ3లో అసలు సుఖం ఇదే. విన్, 3 కొడితే కొత్త ఖాళీ తెర. విన్, 2 కొడితే మళ్లీ ఇక్కడికి. ఈ విండోని అక్కడికి పంపాలంటే విన్, షిఫ్ట్, 3. నాకు బ్రౌజర్ ఎప్పుడూ 3లో ఉంటుంది, మెయిల్ 9లో. వెతకడం ఉండదు, అంకె కొట్టడమే. ఇందాక ఈ పట్టీలో 1 కాకుండా 2 ఎందుకుందని ఎవరైనా గమనించారా? 1 నా లాప్‌టాప్ తెర మీద ఉంది, దాంట్లో నా నోట్సు ఉన్నాయి. ఐ3లో ప్రతి వర్క్‌స్పేస్ ఏదో ఒక మానిటర్‌కి చెంది ఉంటుంది. అందుకే నేను అక్కడ నోట్సు తిరగేస్తున్నా మీకు ఇక్కడ ఏమీ కదలదు. క్లాసులు చెప్పేవాళ్లకి ఇది ఎంత హాయో వాడితేనే తెలుస్తుంది.

బయటికి రావడానికి విన్, షిఫ్ట్, ఇ. పైన ఒక పట్టీ వచ్చి నిజంగా వెళ్తావా అని అడుగుతుంది. తమాషా ఏమిటంటే, అన్నీ కీబోర్డుతో చేసుకోమనే ఈ ప్రోగ్రాము ఆ ఒక్క జవాబుకి మాత్రం మౌసుతో బటన్ నొక్కమంటుంది. (నవ్వులు)

కీలు అయిపోయాయి. ఇప్పుడు మనుషులు ఎక్కడ వదిలేస్తారో చెప్తాను. కీలు రాక ఎవరూ వదిలేయరు. మూడో రోజు బ్రైట్‌నెస్ కీ నొక్కితే తెర వెలుగు మారదు. టచ్‌ప్యాడ్ మీద తడితే క్లిక్ పడదు. ప్రొజెక్టర్ తగిలిస్తే ఏమీ రాదు. నోటిఫికేషన్లు రావు. "ఇది పనికిరాదు" అని వెళ్లిపోతారు. కానీ అవన్నీ మామూలు డెస్క్‌టాప్‌లో వేరే వేరే ప్రోగ్రాములు మనకి తెలియకుండా చేసిపెట్టే పనులు. ఐ3 విండో మేనేజర్ మాత్రమే, డెస్క్‌టాప్ కాదు. వెలుగుకి బ్రైట్‌నెస్‌సీటీఎల్ వేసుకుని, ఆ కీకి ఒక వరస రాయాలి. నోటిఫికేషన్లకి డన్‌స్ట్, వాల్‌పేపర్‌కి ఫే, స్క్రీన్‌షాట్‌కి మైమ్. టచ్‌ప్యాడ్ తట్టుడు, దాన్ని నడిపే లిబ్‌ఇన్‌పుట్‌లో మొదట ఆపేసి ఉంటుంది. ఎక్స్ సర్వర్ (ఎక్స్‌ఆర్గ్) సెట్టింగుల్లో ట్యాపింగ్ ఆన్ అని ఒక్క మాట రాస్తే సరి. ప్రొజెక్టర్‌కి ఎక్స్‌ర్యాండర్ అనే కమాండ్. ఇందాక మీరు కుర్చీలు సర్దుకుంటుంటే నేను టైప్ చేసింది అదే: హెచ్‌డీఎంఐని ఆటో అని, లాప్‌టాప్ తెరకి కుడి పక్కన అని. టైప్ చేయడం ఇష్టం లేకపోతే ఏర్యాండర్ అని ఉంది, దాంట్లో తెరల బొమ్మల్ని మౌసుతో జరుపుకోవచ్చు. వైఫైకి పెద్దగా బెంగ అక్కర్లేదు, నెట్‌వర్క్ మేనేజర్ ఆప్లెట్‌ని మొదలుపెట్టే వరస ఐ3 ఇచ్చే కాన్ఫిగ్‌లోనే ఉంటుంది.

ఇంకో మాట, ఇది మన ఊరి మాట. బీచ్ దగ్గర ఇళ్లలో ఉప్పుగాలికి లాప్‌టాప్‌ల ఒళ్లు తొందరగా పాడవుతుంది. టచ్‌ప్యాడ్ బటన్ పట్టేసిన పాత లాప్‌టాప్ ఇంట్లో ఉంటే, ఐ3 నేర్చుకోవడానికి అంతకన్నా మంచి మెషీన్ దొరకదు. మౌసు జోలికి వెళ్లలేరు కాబట్టి కీలు చచ్చినట్టు వస్తాయి. అయితే పాత మెషీన్ రెక్కలు కట్టుకుని ఎగురుతుందని మాత్రం అనుకోకండి. ఐ3 తినే మెమరీ చాలా తక్కువ, నిజమే. కానీ ర్యామ్ మింగేది బ్రౌజర్. ఇరవై ట్యాబులు తెరిస్తే ఏ విండో మేనేజర్ ఉన్నా ఒకటే.

ఇప్పుడు తెలుగు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇంగ్లిషులో దొరికే గైడ్లలో ఇది ఉండదు. రెండు దారులున్నాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు (కీకో తెలుగు అక్షరం ఉండే అమరిక) వచ్చినవాళ్లకి సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ అనే కమాండ్ చాలు. లేఅవుట్ యూఎస్ కామా ఐఎన్, రెండోదానికి వేరియంట్ టీఈఎల్, మార్చుకోవడానికి ఆల్ట్, షిఫ్ట్ అని ఒక వరసలో రాసేయొచ్చు. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించుకునేవాళ్లకి ఐబస్ అనే ప్రోగ్రాము, దానికి తోడుగా ఎం17ఎన్ అనే టైపింగ్ పద్ధతుల మూట కావాలి. దాంట్లో తెలుగుకి ఐట్రాన్స్ ఉంది, ఆర్‌టీఎస్ ఉంది, ఇన్‌స్క్రిప్ట్ ఉంది. గ్నోమ్ ఐబస్‌ని తనే మొదలుపెడుతుంది. ఐ3లో ఐబస్ డీమన్‌ని (వెనకాల నడిచే దాని భాగాన్ని) కాన్ఫిగ్ ఫైల్లో ఎగ్జెక్ అనే మాటతో మనమే మొదలుపెట్టాలి.

అంతా చేశాక విన్, స్పేస్ కొడతారు. తెలుగు రాదు! భాష మార్చడానికి ఐబస్ మొదట్లో పెట్టుకునే కీ విన్, స్పేస్. ఐ3లోనూ అదే విన్, స్పేస్‌కి ఒక పని ఉంది: పలకల్లా అమరిన విండోల నుంచి విడిగా తేలే విండోలకి దృష్టి (ఫోకస్, అంటే టైప్ చేసింది ఏ విండోకి చేరాలన్నది) మార్చడం. ఐ3 ముందొచ్చింది కాబట్టి ఆ కీని అదే పట్టేసుకుంటుంది, ఐబస్ దాకా చేరదు. ఇద్దరిలో ఒకరు వదులుకోవాలి. ఐబస్ సెటప్ తెరిచి దాని కీని కంట్రోల్, స్పేస్ చేసుకోండి. లేదంటే ఐ3 ఫైల్లో ఆ వరస ముందు హ్యాష్ గుర్తు పెట్టండి, ఐ3 ఆ వరసని వదిలేస్తుంది. నేను రెండోది చేశాను, తేలే విండోలతో నాకు పని తక్కువ.

తర్వాత అక్షరాలు. ఐ3 మొదట్లో ఇచ్చే ఫాంట్ సైజు 8. ఇంగ్లిషుకి సరిపోతుంది. తెలుగు పేజీ తెరిచి టైటిల్ చూడండి, ఒత్తులు చీమల్లా ఉంటాయి. ఫాంట్ వరసలో 8 తీసి 11 చేయండి. ఆ వరసలో ఫాంట్ పేరు ముందు పాంగో అని ఉందో లేదో కూడా చూడండి. గుణింతాల్ని, ఒత్తుల్ని సరిగ్గా కూర్చేది పాంగోనే. పాత పద్ధతి ఎక్స్ ఫాంట్లు పెడితే కూర్చేవాడు ఉండడు. నోటో సాన్స్ తెలుగో, లోహితో, మండలియో, మీకు నచ్చిన ఫాంట్ సిస్టమ్‌లో వేసుకోండి. టెర్మినల్లో తెలుగు విడివిడిగా పడితే మాత్రం ఐ3ని తిట్టకండి. టెర్మినళ్లు ఒక్కో అక్షరానికి ఒక్కో గడి కేటాయిస్తాయి, మన లిపి ఆ గడుల్లో ఇమడదు.

ఇప్పుడు నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట. మీరు ఇంటికెళ్లి వెతికితే అద్భుతమైన స్క్రీన్‌షాట్లు కనిపిస్తాయి. విండోల మధ్య ఖాళీలు, గుండ్రటి మూలలు, మసక అద్దాల్లాంటి టెర్మినళ్లు, పక్కన పువ్వుల వాల్‌పేపర్. దాని కింద ఆ స్క్రీన్‌షాట్ పెట్టినాయన కాన్ఫిగ్ ఫైల్ కూడా ఉంటుంది, ఐదారు వందల వరసలు. దాన్ని తెచ్చి పెట్టుకోకండి. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆ ఫైల్లో ప్రతి వరసా ఆయనకి వచ్చిన ఏదో ఒక చిరాకుకి జవాబు. మీ చిరాకులు వేరు. ఏదో ఒక రోజు ఒక కీ పనిచేయదు. ఏ వరస వల్లో మీకు తెలియదు, ఎందుకంటే మీరు రాయలేదు.

అందుకని ఐ3 ఇచ్చిన ఫైల్‌తోనే మొదలుపెట్టండి. హోమ్‌లో డాట్ కాన్ఫిగ్, దాంట్లో ఐ3, దాంట్లో కాన్ఫిగ్. ఏదైనా విసిగించినప్పుడు మాత్రమే తెరవండి. ఉదాహరణకి, మౌసు బాణం ఏ విండో మీదికి వెళ్తే దృష్టి దాని మీదికి పోతుంది, ఐ3 పద్ధతి అది. చెయ్యి తగిలి మౌసు కదిలిందంటే మీరు కొడుతున్న పాస్‌వర్డ్ వెళ్లి పక్క చాట్‌లో పడుతుంది. చిరాకే కదా? ఫోకస్ ఫాలోస్ మౌస్ నో అని ఒక వరస రాయండి. పైన హ్యాష్ గుర్తు పెట్టి, ఎందుకు రాశారో తెలుగులో ఒక ముక్క. విన్, షిఫ్ట్, సి కొట్టండి, కొత్త ఫైల్ అమల్లోకి వచ్చేస్తుంది. తప్పు రాస్తే పైన ఎర్ర పట్టీ వస్తుంది, దాని మీది బటన్ నొక్కితే ఏ వరసలో తప్పుందో చూపిస్తుంది, కొంప మునగదు. విన్, షిఫ్ట్, ఆర్ కొడితే ఐ3 తనని తాను మళ్లీ మొదలుపెట్టుకుంటుంది, అప్పుడు కూడా మీ విండోలు ఎక్కడివక్కడే ఉంటాయి.

ఇంకోటి. కాలిక్యులేటర్ తెరిస్తే అది సగం తెర ఆక్రమిస్తుంది, నవ్వొస్తుంది చూస్తే. ఎక్స్‌ప్రాప్ అనే కమాండ్ కొట్టి ఆ విండో మీద క్లిక్ చేస్తే దాని క్లాస్ పేరు చెప్తుంది. ఫర్ విండో, ఆ క్లాస్ పేరు, ఫ్లోటింగ్ ఎనేబుల్ అని కాన్ఫిగ్‌లో ఒక వరస రాయండి. ఇక అది చిన్నగా మధ్యలో తేలుతుంది. ఇలా ఒక్కో వరస చేరుతూ పోతే కొన్ని నెలలకి ఆ ఫైల్ మీది అవుతుంది. గిట్‌లో (ఫైళ్లలో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే ప్రోగ్రాము) పెట్టుకోండి, లాప్‌టాప్ మారినా చేతి అలవాటు మారదు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పండి.

(ఒక విద్యార్థి: సార్, ఎక్స్11 పాతబడిపోయింది, అందరూ వేలాండ్‌కి పోతున్నారు అంటున్నారు. ఇప్పుడు ఇది నేర్చుకుని లాభమేంటి?)

మంచి ప్రశ్న. వేలాండ్ అంటే ఎక్స్11 చేసే పనికే వచ్చిన కొత్త పద్ధతి. ఐ3 ఎక్స్11 మీదే నడుస్తుంది, వేలాండ్ మీద నడవదు. పెద్ద డెస్క్‌టాప్‌లన్నీ వేలాండ్ వైపు వెళ్తున్న మాట నిజం. వేలాండ్‌కి స్వే అనే విండో మేనేజర్ ఉంది. డ్రూ డెవాల్ట్ 2015లో మొదలుపెట్టారు, 1.0 వచ్చింది 2019లో. ఐ3 కీలు, ఐ3 కాన్ఫిగ్ దాదాపు అలాగే దాంట్లో పనిచేస్తాయి. ఎక్స్‌ర్యాండర్, సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ లాంటివి మాత్రం పనిచేయవు, ఆ పనులకి స్వే ఫైల్లోనే వేరే మాటలున్నాయి. ఎన్విడియా కార్డు ఉన్న లాప్‌టాప్ అయితే స్వే తొందరపడి పెట్టకండి, ముందు ఐ3లో చెయ్యి తిరగనివ్వండి. నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

(ఒక మహిళ: మాది డీటీపీ పని అండీ, రోజంతా బొమ్మల పని చేసే జింప్, ఇంక్‌స్కేప్ తెరిచి ఉంటాయి. మాకు పనికొస్తుందా?)

ఉన్నదున్నట్టు చెప్తానమ్మా. మీ పనంతా మౌసు మీద. జింప్ 2.8 నుంచి, అంటే 2012 నుంచి, ఒకే విండోలో అన్నీ ఉండే పద్ధతి వచ్చింది కాబట్టి ఐ3లో ఇబ్బంది లేదు. దానికో వర్క్‌స్పేస్, ఇంక్‌స్కేప్‌కో వర్క్‌స్పేస్, కస్టమర్ పంపిన మెయిల్‌కి ఒకటి పెట్టుకుంటే అటూ ఇటూ తిరగడం తొందరగా అవుతుంది. కానీ ఫైల్ మేనేజర్ నుంచి బొమ్మని లాక్కొచ్చి జింప్‌లో పడేసే అలవాటుంటే, రెండూ వేరే వర్క్‌స్పేస్‌లలో ఉంటే అది కుదరదు. మీకు ఇప్పుడున్నదాంతో పని సాఫీగా సాగుతుంటే మార్చమని నేను చెప్పను.

(మరో విద్యార్థి: ప్లేస్‌మెంట్స్‌కి ఉపయోగపడుతుందా సార్?)

ఇంటర్వ్యూలో ఐ3 వచ్చా అని ఎవరూ అడగరు. (నవ్వులు) కాకపోతే కాన్ఫిగ్ ఫైల్ చదవడం, ఒక వరస మార్చి ఏమైందో చూడడం, తప్పు ఎక్కడుందో లాగ్‌లో వెతకడం అలవాటవుతాయి. సర్వర్లతో పనిచేసే ఉద్యోగంలో రోజూ చేసేది అదే.

టీ వచ్చింది. లాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు కుడివైపు బల్లల దగ్గరికి రండి, అక్కడే ప్లగ్ పాయింట్లున్నాయి. వైఫై పాస్‌వర్డ్ బోర్డు మీద రాస్తున్నాను. లాగౌట్ అయ్యే ముందు తెరిచి ఉన్న ఫైళ్లన్నీ సేవ్ చేసుకోండి.